గడ్డకట్టడమా, గాజుకట్టడమా? క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గ్రిడ్ తయారీ – తెలుగు పరిభాష: ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ప్రోటీన్ల ఆకృతిని క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడాలంటే ముందుగా ప్రోటీన్ ద్రావణాన్ని ఒక చిన్న లోహపు గ్రిడ్ మీద అతి పలుచని పొరగా నిలిపి, నీరు స్ఫటికంగా మారే వ్యవధి లేనంత వేగంగా చల్లబరచాలి. పరిశోధన ఫలితం చాలావరకు ఈ పని మీదనే ఆధారపడి ఉంటుంది. పాఠ్యపుస్తకాల తెలుగులో సిద్ధంగా ఉన్న ‘నమూనా’, ‘జాలకం’, ‘ఘనీభవనం’ అనే మాటలు ఈ పనిని వర్ణించడానికి ఎంతవరకు సరిపోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శాస్త్ర పరిభాషను వస్తువుల పేర్లతో గాక పనుల పేర్లతో తూచాలనీ, అందుకు కావలసిన క్రియాపదాలు సేద్యం, నేత, వంట వంటి వృత్తుల తెలుగులో ఉన్నాయనీ ప్రతిపాదిస్తుంది. ఆ పోలికలు ఎక్కడ చెల్లవో కూడా చూపుతుంది.

కీలకపదాలు: గ్రిడ్ తయారీ, మచ్చు, గాజునీరు, అదును, పదును, తొరక, వృత్తి పదకోశం, శాస్త్ర పరిభాష

1. ఉపోద్ఘాతం

2017లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి జాక్ దుబోషె, జోకిం ఫ్రాంక్, రిచర్డ్ హెండర్సన్ అనే ముగ్గురికి లభించింది. ద్రావణంలో ఉన్న జీవాణువుల ఆకృతిని అధిక స్పష్టతతో చూపే క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని పద్ధతిని అభివృద్ధి చేసినందుకు ఇచ్చిన బహుమతి అది. ఈ ముగ్గురి కృషిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఫ్రాంక్ పని ప్రధానంగా గణనకు సంబంధించినది. మసకగా కనిపించే వేల బొమ్మలను పోల్చి, కలిపి, త్రిమితీయ రూపాన్ని రాబట్టే విధానం ఆయనది. హెండర్సన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ప్రోటీన్ నిర్మాణాన్ని పరమాణు స్థాయిలో చూడవచ్చునని 1990లో నిరూపించారు. దుబోషె పని నీటికి సంబంధించినది. నీటిని స్ఫటికం కానీయకుండా ఎలా నిలపాలన్నదే ఆయన పట్టుకున్న ప్రశ్న. నేడు ప్రతి ప్రయోగశాలలో జరిగే గ్రిడ్ తయారీకి మూలం అదే.

ఈ పద్ధతిని గురించి చెప్పేటప్పుడు సాధారణంగా యంత్రం, దాని ఖరీదు, కెమెరా, కంప్యూటరు ముందుకు వస్తాయి. గ్రిడ్ తయారీ ఒక వాక్యంలో ముగుస్తుంది. పరిశోధన పత్రాల ‘పద్ధతులు’ విభాగంలోనూ దానికి దక్కేది రెండు మూడు వాక్యాలే. అయితే గ్రిడ్ చెడితే యంత్రం ఎంత గొప్పదైనా చేయగలిగింది ఏమీ లేదు. అపోఫెర్రిటిన్ అనే గట్టి ప్రోటీన్‌ను 2020లో సుమారు 1.2 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూడగలిగారు. అదే తరహా యంత్రంలో పెట్టిన వేరొక సున్నితమైన ప్రోటీన్ గ్రిడ్ మీదనే చెదిరిపోయి, ఆకృతి అంటూ ఏదీ చిక్కకుండా పోవచ్చు. బెంగళూరులోని ఎన్‌.సి.బి.ఎస్‌. ప్రాంగణంలో జాతీయ క్రయో-ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కేంద్రం ఉంది. అటువంటి చోట యంత్రం మీద దొరికే కాలం విలువైనది. ఆ కాలం సద్వినియోగం అవుతుందా, వృథా అవుతుందా అన్నది అంతకుముందు బల్ల మీద చేసిన గ్రిడ్ నిర్ణయిస్తుంది.

కాబట్టి ఈ పనిని తెలుగులో ఎలా చెబుతున్నామన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు. తెలుగు మాధ్యమంలో చదివి పరిశోధనలోకి వచ్చే విద్యార్థి మనసులో ‘ఘనీభవనం’ వంటి మాటలు ముందే ఒక బొమ్మను గీసి ఉంటాయి. ఆ బొమ్మ తప్పయితే దాని మీద కట్టే అవగాహన కూడా తప్పవుతుంది.

2. పరిశీలనకు ఆధారం, కొలబద్ద

తెలుగులో శాస్త్ర రచనకు శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, కొమర్రాజు లక్ష్మణరావు నాయకత్వంలో శాస్త్రవిషయాలను తెలుగు పాఠకుల ముందుకు తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పాఠ్యపుస్తకాలకు, పారిభాషిక పదాలకు ఒక స్థిరరూపం ఇచ్చింది. ఈ సంప్రదాయంలో కొత్త పదం కావలసినప్పుడు ఎక్కువగా సంస్కృత ధాతువుల వైపు చూశారు. అందువల్ల పదాలకు క్రమబద్ధత వచ్చింది. ఇతర భారతీయ భాషలతో పొందిక కుదిరింది. ఆ మేలును తక్కువ చేయనవసరం లేదు.

దీనికి సమాంతరంగా మరొక కృషి జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సారథ్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ‘మాండలిక వృత్తి పదకోశం’ వెలువరించింది. మొదటి సంపుటం (1962) వ్యవసాయానికి, రెండవ సంపుటం (1971) చేనేతకు సంబంధించినవి. పని చేసేవారి నోటి నుంచే పదాలను సేకరించిన కోశం అది. భాషాశాస్త్ర విద్యార్థులు దానిని మాండలిక భేదాల కోసం చదువుతారు. శాస్త్ర పరిభాష రూపొందించేవారికి అది ఎంతగా ఉపయోగపడగలదో ఆలోచించవలసి ఉంది. చేతితో చేసే సూక్ష్మమైన పనులను తెలుగు ఎలా విడదీసి పేర్లు పెట్టిందో దానిలో కనిపిస్తుంది.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి, దానికి చుట్టుపక్కల సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలు అటువంటి వృత్తి భాషకు నేటికీ నెలవులు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ‘సాంచె’ అంటారు. సేద్యం, నేత, బీడీల పని ఇక్కడి ప్రజల జీవనాధారాలు. తడి ఎంత ఉండాలి, దారం ఎంత బిగువుగా ఉండాలి, ఏ పని ఏ క్షణంలో ఆపాలి అన్న తెలివిడి మీద నడిచే వృత్తులివి. గ్రిడ్ తయారీ కూడా సరిగ్గా అటువంటి పనే.

ఇక కొలబద్ద. ఒక పారిభాషిక పదం మంచిదా కాదా అని తేల్చడానికి దాని వ్యుత్పత్తి, శ్రావ్యత చాలవు. ఆ పదం విన్న విద్యార్థి దాని ప్రకారం చేయి కదిపితే పని సరిగా జరుగుతుందా, చెడుతుందా అన్నదే పరీక్ష. ఈ పరీక్ష కోసం పాఠ్యపుస్తకాల ధోరణిలో ఒక వాక్యాన్ని ఈ వ్యాసం నిమిత్తం కూర్చడం జరిగింది:

‘శుద్ధీకృత మాంసకృత్తు నమూనాను ప్రకాశ ఉత్సర్గానికి గురిచేసిన జాలకంపై నిక్షేపించి, అధిక ద్రవాన్ని శోషింపజేసి, ద్రవ ఈథేన్‌లో ఘనీభవింపజేయాలి.’

వ్యాకరణపరంగా ఈ వాక్యంలో దోషం లేదు. శాస్త్రపరంగా దీనిలో ఎన్ని చిక్కులున్నాయో ఒక్కొక్క పదం వారీగా చూద్దాం.

3. నమూనా – మచ్చు

ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ‘నమూనా’ చాలా బరువు మోస్తోంది. రక్త నమూనా, మట్టి నమూనా అన్నప్పుడు అది పరీక్ష కోసం తీసిన కొంత భాగం. నమూనా పత్రం, నమూనా ఇల్లు అన్నప్పుడు అది అనుసరించవలసిన మాదిరి. ఇతర శాస్త్రాలలో ఈ రెండర్థాలు ఒకేచోట తారసపడటం అరుదు. ఇక్కడ మాత్రం పని మొదట్లో గ్రిడ్ మీద వేసే ప్రోటీన్ ద్రావణం ఒక నమూనా. పని చివర కంప్యూటరులో కట్టే పరమాణు ఆకృతి మరొక నమూనా. ‘నమూనా సరిగా లేదు’ అంటే ద్రావణం చెడిందా, కట్టిన ఆకృతి తప్పా?

తెలుగులో దీనికి పరిష్కారం ఎప్పటినుంచో ఉంది. ‘మచ్చు’ అంటే మొత్తంలో నుంచి చూపడానికి తీసిన కొంచెం. ‘మచ్చుకు ఒకటి’, ‘మచ్చుతునక’ అనే ప్రయోగాలు అందరికీ తెలిసినవే. గ్రిడ్ మీద వేసేది మచ్చు. చివరకు తేలేది నమూనా. ఈ విభజన వల్ల మరొక మేలు ఉంది. మచ్చు అన్న మాటలోనే అది మొత్తానికి ప్రతినిధి కావాలన్న షరతు ఉంది. గ్రిడ్ మీద మిగిలిన అణువులు గొట్టంలో ఉన్న అణువులకు నిజంగా ప్రతినిధులేనా అన్నది ఈ శాస్త్రంలో కీలకమైన ప్రశ్న. ఆ ప్రశ్న ఏడవ విభాగంలో మళ్ళీ ఎదురవుతుంది.

4. జాలకం – గ్రిడ్, గడి, బెజ్జం

గ్రిడ్ అంటే సుమారు 3.05 మిల్లీమీటర్ల వ్యాసం గల పలుచని గుండ్రటి లోహపు వల. రాగితో గాని బంగారంతో గాని చేస్తారు. ఒక అంగుళం పొడవులో 200, 300 లేదా 400 గళ్ళు ఉంటాయి. ఆ అంకెతోనే గ్రిడ్‌ను పిలుస్తారు. ఈ వల మీద కార్బన్ లేదా బంగారు పొర ఒకటి పరచి ఉంటుంది. ఆ పొరలో క్రమంగా అమర్చిన బెజ్జాలుంటాయి. విరివిగా వాడే ‘ఆర్ 1.2/1.3’ రకంలో బెజ్జం వ్యాసం 1.2 మైక్రోమీటర్లు; ఒక బెజ్జానికీ మరొకదానికీ మధ్య ఎడం 1.3 మైక్రోమీటర్లు. ప్రోటీన్ అణువులు నిలవవలసింది ఈ బెజ్జాలలోని నీటి పొరలో.

దీనికి ‘జాలకం’ అనే పదం పనికిరాదు. రసాయన, భౌతికశాస్త్రాల పాఠ్యపుస్తకాలలో ‘స్ఫటిక జాలకం’ అనేది పరమాణువుల క్రమబద్ధ అమరికకు స్థిరపడిన పేరు. గ్రిడ్ తయారీ ఆశయమే ఆ స్ఫటిక అమరిక ఏర్పడకుండా చూడటం. ‘జాలకంపై జాలకం ఏర్పడరాదు’ అని రాయవలసి వస్తే వాక్యం తనను తానే కొట్టుకుంటుంది. విద్యుత్ రంగం వల్ల ‘గ్రిడ్’ అనే మాట తెలుగువారికి కొత్త కాదు. దానిని అలాగే ఉంచుకోవచ్చు. లోపలి భాగాలకు మాత్రం తెలుగు మాటలు కావాలి. లుంగీ గళ్ళు, కాగితం గళ్ళు అన్నట్లే లోహపు గీతల మధ్య చదరం ‘గడి’. పలుచని పొరలోని రంధ్రం ‘బెజ్జం’. సూక్ష్మదర్శినిలో తొలిచూపుకు నీరు మందంగా ఉన్న గడి నల్లగా, నీరు ఆరిపోయినది తెల్లగా కనిపిస్తుంది. నల్లగడి, ఒట్టిగడి అనే జంట మాటలతో విద్యార్థి తన గ్రిడ్ బాగోగులను ఒక్క వాక్యంలో చెప్పగలడు.

వల సాంద్రతను అంగుళానికి ఇన్ని గళ్ళని చెప్పడం నేతగానికి వింతగా తోచదు. పడుగు పోగుల సంఖ్యను పుంజాలలో లెక్కించి బట్ట నాణ్యతను చెప్పే సంప్రదాయం తెలుగు నేలది.

‘ప్రకాశ ఉత్సర్గం’ విషయమూ ఇక్కడే చూడాలి. కార్బన్ పొర సహజంగా నీటిని పట్టదు. తామరాకు మీద నీటిబొట్టులా మచ్చు దాని మీద ఉండగా నిలుస్తుంది. అందుకే గ్రిడ్‌ను గాలి తక్కువగా ఉన్న గదిలో పెట్టి, విద్యుత్తుతో ఆ గాలిని వెలిగించి, పొర ఉపరితలాన్ని నీటిని పట్టేదిగా మారుస్తారు. ‘ప్రకాశ ఉత్సర్గం’ అన్న మాట వెలుగును చెబుతుంది గాని ఫలితాన్ని చెప్పదు. ‘తడి పట్టించడం’ అంటే ఎందుకు చేస్తున్నామో తెలుస్తుంది. కొత్త నూలు మైనపు గుణం వల్ల నీటిని పీల్చదు గనుక గంజికి ముందు దానిని నానబెట్టడం నేతవారికి అలవాటు. గ్రిడ్‌కు పట్టించిన ఈ గుణం కొద్దిసేపే నిలుస్తుంది గనుక మచ్చు వేయడంలో జాప్యం కూడదన్న సంగతి కూడా ‘పట్టించడం’ అనే క్రియలో ఇమిడి ఉంది.

5. ఘనీభవనం – గాజుకట్టడం

ఈ పరిశీలనలో అన్నిటికంటే గంభీరమైన చిక్కు ఇది. పాఠశాల తెలుగులో ‘ఘనీభవనం’ అంటే ద్రవం ఘనపదార్థంగా మారడం; నీటి విషయంలో మంచుగడ్డ కావడం. వాడుకలో ‘గడ్డకట్టడం’. మంచుగడ్డ స్ఫటికం. నీరు స్ఫటికమయ్యేటప్పుడు రెండు పనులు చేస్తుంది. తన అమరికలో ఇమడని లవణాలను, ప్రోటీన్లను పక్కకు నెడుతుంది, తాను వ్యాకోచిస్తుంది. ఈ రెండూ ప్రోటీన్ ఆకృతిని చెడగొట్టగలవు. పైగా స్ఫటికాలు ఎలక్ట్రాన్లను బలంగా వివర్తనం చేసి బొమ్మను పాడుచేస్తాయి. కనుక గ్రిడ్ తయారీలో గడ్డకట్టడమే జరగకూడనిది. జరగకూడనిదాని పేరునే జరగవలసినదానికి పెడితే విద్యార్థికి అందేది తలకిందులైన సూచన.

చారిత్రకంగా చూసినా ఈ భేదమే ఈ శాస్త్రాన్ని నిలబెట్టింది. 1974లో కెన్నెత్ టేలర్, రాబర్ట్ గ్లేసర్ చల్లబరచిన తడి ప్రోటీన్ స్ఫటికాల నుంచి ఎలక్ట్రాన్ వివర్తనాన్ని రాబట్టి, నీటిని తొలగించకుండానే ప్రోటీన్‌ను శూన్యంలో చూడవచ్చునని తెలిపారు. 1981లో దుబోషె, మెక్‌డోవల్ పలుచని నీటి పొరను అతివేగంగా చల్లబరచి, స్ఫటికం కాని గాజు స్థితిలో నిలిపి చూపారు. 1984లో ఏడ్రియన్, దుబోషె, లెపో, మెక్‌డోవల్ ఇదే పద్ధతిలో వైరస్‌ల బొమ్మలు తీసి ప్రచురించారు. గాజు స్థితి అంటే ద్రవంలో అణువులు ఎలా చిందరవందరగా ఉన్నాయో అలాగే, క్రమం చిక్కకముందే కదలిక ఆగిపోవడం.

ఇందుకు సెకనుకు లక్ష డిగ్రీలు, అంతకుమించిన వేగంతో చల్లబరచాలి. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే ద్రవ నైట్రోజన్‌లో నేరుగా ముంచితే ఈ వేగం రాదు. బాగా కాలిన పెనం మీద నీటిబొట్టు తన ఆవిరి పొర మీదనే దొర్లి త్వరగా ఇగరనట్లే, గ్రిడ్ చుట్టూ నైట్రోజన్ ఆవిరి పొర ఏర్పడి వేడిని లాగనీయదు. అందుకే నైట్రోజన్‌తో చల్లార్చిన ద్రవ ఈథేన్‌ను వాడతారు. ఈథేన్ మైనస్ 183 డిగ్రీల వద్ద కరిగి, మైనస్ 89 డిగ్రీల వరకు మరగదు; ఈ విస్తృతమైన ఎడమే దాని బలం. ఆ తరువాత కూడా గ్రిడ్ వెచ్చబడితే, సుమారు మైనస్ 135 డిగ్రీలు దాటితే, గాజు స్థితి చెడి స్ఫటికం మొదలవుతుంది. అందువల్ల మొదటి క్షణం నుంచి సూక్ష్మదర్శిని దాకా గ్రిడ్‌ను ద్రవ నైట్రోజన్ చల్లదనంలోనే ఉంచుతారు.

దీనికి ‘కాచీకరణం’ అని సంస్కృత పదాన్ని కల్పించవచ్చు. అర్థం సరైనదే. అయితే చదివే విద్యార్థికి ‘కాచి’ అన్న చోట పాలు కాచడం స్ఫురించే ప్రమాదం ఉంది. అతిశీతల ప్రక్రియకు అది తగని ధ్వని. తెలుగు క్రియాపద నిర్మాణం ఇంతకంటె సూటి దారి చూపుతుంది. గడ్డకట్టడం, పేరుకట్టడం, తొరకకట్టడం అన్నవి ఒక పదార్థం ఒక స్థితికి చేరడాన్ని తెలిపే మాటలు. వాటి వరుసలోనే ‘గాజుకట్టడం’. అలా నిలిచిన నీరు ‘గాజునీరు’. గడ్డకట్టడం, గాజుకట్టడం అని పక్కపక్కన ఉంచితే ఏది కూడదో, ఏది కావాలో ఒక్క పదభేదంతో బోధపడుతుంది.

ఇక్కడ ఇంకో అడ్డంకి ఉంది. తెలుగులో స్ఫటికం నిర్మలత్వానికి ఉపమానం. ‘స్ఫటికం వలె స్వచ్ఛం’ అంటాం. ఈ శాస్త్రంలో స్ఫటికం మాలిన్యం. అధ్యాపకులు ఈ వైరుధ్యాన్ని తరగతిలో ముందే చెప్పడం మంచిది. అలాగే ‘మంచు’ అన్న ఒక్క మాట తెలుగులో హిమానికీ, పొగమంచుకూ, మంచుగడ్డకూ చెల్లుతుంది. గ్రిడ్ మీద ప్రోటీన్‌ను నిలిపే పొరనూ, గదిలోని చెమ్మ వల్ల బయటి నుంచి వచ్చి పడే మలినాన్నీ రెండింటినీ మంచు అంటే కుదరదు. మొదటిది గాజునీరు, రెండవది మాత్రమే మంచు అని నియమం పెట్టుకుంటే అయోమయం తొలగుతుంది.

6. శోషణ – అద్ది తీయడం: అదును, పదును

గ్రిడ్ మీద వేసే బొట్టు సాధారణంగా 3 మైక్రోలీటర్లు. గ్రిడ్ వైశాల్యం మీద దానిని పరిస్తే మందం సుమారు 0.4 మిల్లీమీటరు. మిగలవలసిన పొర మందం కొన్ని పదుల నానోమీటర్లు మాత్రమే. 50 నానోమీటర్లనుకుని లెక్క కడితే వేసిన మందంలో దాదాపు ఎనిమిదివేలవ వంతు. తక్కినదంతా వడపోత కాగితంతో కొద్ది సెకన్లలో తీసివేయాలి. పొర మందమైతే ఎలక్ట్రాన్లు చెదిరి బొమ్మ మసకబారుతుంది, అణువులు ఒకదాని మీద ఒకటి పడతాయి. మరీ పలుచనైతే అణువులు బెజ్జం నడుమ నుంచి అంచులకు నెట్టబడతాయి, లేదా పొరే తెగుతుంది. ప్రోటీన్ కొలత కంటె కొంచెం మాత్రమే ఎక్కువ మందం ఉండాలి.

‘శోషింపజేయడం’ అన్నప్పుడు ద్రవం ఎటు పోతుందో తెలుస్తుంది గాని ఎంత మిగలాలో తెలియదు. తెలుగులో వెనుకటి సిరాకలాల కాలం నుంచి ‘అద్దుడు కాగితం’ ఉంది. కనుక ‘అద్దడం’ దగ్గరి మాట. అయితే దానికి రెండు దిశలున్నాయి: రంగు అద్దడంలో పదార్థం చేరుతుంది, కన్నీరు అద్దుకోవడంలో తొలగుతుంది. సందేహం లేకుండా ‘అద్ది తీయడం’ అనడం మేలు.

ఎంత మిగలాలన్నదానికి సేద్యపు తెలుగులో చక్కని జంట ఉంది. అదును అంటే పని చేయవలసిన సమయం. పదును అంటే నేలలో ఉండవలసిన తగినంత తడి. వాన కురిసిన వెంటనే దున్నితే బురద. ఆలస్యమైతే గట్టి పెళ్ళలు. నాగలి కట్టే రైతు నేల పదును చూసి అదును పడతాడు. గ్రిడ్ మీద కాగితం ఆనే వ్యవధి అదును. మిగిలే పొర మందం పదును. యంత్రంలో మనం నిర్ణయించేది అదునును. మనకు కావలసింది పదును. రెండూ ఒకటి కావు. గాలిలో చెమ్మ, కాగితం తడి, ద్రావణంలోని డిటర్జెంట్ లేదా గ్లిసరాల్, గ్రిడ్ తడి పట్టిన తీరు – వీటిలో ఏది మారినా అదే అదునుకు వేరే పదును వస్తుంది. వైట్రోబాట్ వంటి యంత్రంలో కాగితం ఒత్తిడికి పెట్టే అంకె భౌతిక కొలమానం కాదు. ఒక యంత్రంలోని అంకె మరొక యంత్రానికి వర్తించదు. పత్రంలో చదివిన ‘4 సెకన్లు’ అనే అంకెను తన ప్రయోగశాలలో వాడి విఫలమయ్యే విద్యార్థి లోపం ఇక్కడే ఉంది. అతడు అదునును అనుకరించాడు, పదునును చూడలేదు.

యంత్రం గదిలో గాలి చెమ్మను 95 శాతానికి పైగా ఉంచడం, తరచు 4 డిగ్రీల చల్లదనం ఉంచడం కూడా పదును కాపాడటానికే. నానోమీటర్ల పొర నుంచి నీరు ఆవిరైతే మందం తగ్గడమే కాదు, లవణాల సాంద్రత పెరిగి ప్రోటీన్ పరిసరమే మారిపోతుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బీడీలు చేసే స్త్రీలు తునికాకును తడిపి తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. ఆకు ఆరితే చుట్టేటప్పుడు పగులుతుంది. చెమ్మను ఒక సాధనంగా వాడే తెలివి ఈ నేలకు కొత్తది కాదు.

7. తొరక: గాలి, నీరు కలిసే అంచు

పదును కుదిరిన పొరలో కూడా ప్రోటీన్ క్షేమంగా ఉంటుందన్న హామీ లేదు. పలుచని పొరకు పైనా కిందా గాలే. పొర నానోమీటర్లలో ఉన్నప్పుడు అణువు అంచును చేరడానికి ఎంతో సమయం అవసరం లేదు. సెకనుకు వెయ్యిసార్లకు మించి అది అంచును తాకుతుందని అంచనా. అంచున తగులుకున్న ప్రోటీన్ లోపలి నీటిని సహించని భాగాలను గాలి వైపు తిప్పి విప్పుకోవచ్చు; లేదా ఒకే భంగిమలో అతుక్కుని ఉండిపోవచ్చు. మొదటి దానిలో ఆకృతి చెడుతుంది. రెండవ దానిలో అన్నివైపుల బొమ్మలు దొరకక త్రిమితీయ రూపం వక్రమవుతుంది.

2018లో ‘ఈలైఫ్’ పత్రికలో నోబుల్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధనలో గ్రిడ్‌ల మీది అణువులలో సుమారు 90 శాతం గాలి-నీటి అంచుకు అతుక్కుని ఉన్నట్లు తేలింది. 2019లో అదే పత్రికలో డింప్రిమా బృందం ఈస్ట్ కొవ్వు ఆమ్ల సంశ్లేషక ఎంజైమును పరిశీలించి, అంచుకు చేరిన అణువులలో దాదాపు 90 శాతం పాక్షికంగా చెడినట్లు, నీటిని పట్టేలా చేసిన గ్రాఫీన్ పొర మీద నిలిపితే ఈ నష్టం తప్పినట్లు చూపింది. అనగా గొట్టంలో ఉన్నది ఒకటి, గ్రిడ్ మీద కనిపించేది మరొకటి కావచ్చు. మచ్చు తన ప్రాతినిధ్యం కోల్పోతుంది.

ఈ అంచున ప్రోటీన్ పేరుకునే పొరకు ‘తొరక’ అన్న మాటను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాం. కాచిన పాల మీద కట్టే తొరకలోనూ ప్రోటీన్లు చేరి ఉంటాయి. ఉపరితలం ఒక గీత కాదు, పదార్థాన్ని లాగి తనలో కలుపుకునే చోటు అన్న భావాన్ని ఈ మాట అందిస్తుంది. ‘అంతరముఖం’ వంటి పదం సరిహద్దును మాత్రం చెబుతుంది. అక్కడ జరిగేదాన్ని చెప్పదు. డిటర్జెంట్ కలపడం, గ్రాఫీన్ వంటి ఆధారపు పొర వాడటం, బొట్టు వేసిన క్షణం నుంచి ముంచే క్షణం దాకా వ్యవధిని మిల్లీసెకన్లకు కుదించడం – ఇవన్నీ తొరకకు చిక్కకుండా తప్పించుకునే ఉపాయాలు. ద్రవాన్ని తానే లాగుకునే నానో తీగలున్న గ్రిడ్‌ల మీద సూక్ష్మ బిందువులను చల్లే స్పాటిటన్ వంటి యంత్రాలు ఈ మూడవ దారిలో పుట్టినవే.

8. పోలికల హద్దులు, అభ్యంతరాలు

వృత్తి పదజాలం నుంచి మాట తెచ్చుకున్నప్పుడు దానితోపాటు అక్కరలేని అర్థం కూడా రావచ్చు. పడుగుకు గంజి పట్టించి కుంచెతో తీర్చడాన్ని గ్రిడ్ మీద పొర పరచడంతో పోల్చాలనిపిస్తుంది. ఆ పోలిక చెల్లదు. గంజి ఆరితేనే దారానికి బలం. గ్రిడ్ మీద పొర ఆరితే పనే వృథా. కొలిమిలో కాల్చిన ఇనుమును నీటిలో ముంచడంతో ఈథేన్‌లో ముంచడాన్ని పోల్చినా చిక్కే. కమ్మరి ఇనుము గుణాన్ని మార్చడానికి ముంచుతాడు, ఇక్కడ ఉన్నది మారకుండా ఆపడానికి ముంచుతారు. తొరక మాటకూ హద్దు ఉంది: పాలలో అది వేడి వల్ల, కంటికి కనిపించేటంత మందంగా ఏర్పడుతుంది, గ్రిడ్ మీది తొరక చల్లని నీటిలోనే, ఒక్క అణువు మందంలో ఏర్పడవచ్చు. కనుక ప్రతి మాటకూ పరిధి చెప్పడం పరిభాషకర్త బాధ్యత.

మూడు అభ్యంతరాలను పరిగణించాలి. పరిశోధన పత్రాలు ఇంగ్లీషులో రాస్తారు గనుక తెలుగు మాటల అవసరం ఏమిటన్నది మొదటిది. పత్రం రాయడం చివరి పని; గ్రిడ్ ఎందుకు చెడిందో ఆలోచించడం దానికి ముందు పని. ఆలోచన ఏ భాషలో సాగినా అది సరైన బొమ్మతో సాగాలి. సంస్కృత పదాలకు భారతీయ భాషలన్నిటిలో చెలామణి ఉంటుందన్నది రెండవది. స్ఫటికం, ద్రావణం, అణువు వంటి భావవాచకాలకు ఇది నిజమే. వాటిని ఈ వ్యాసమే వాడుతోంది. చేతి పనులను తెలిపే క్రియల విషయంలో ఆ చెలామణి కంటె సూటిదనం ముఖ్యం. వృత్తి మాటలు ప్రాంతానికొక తీరుగా ఉంటాయన్నది మూడవది. నిజమే, సిరిసిల్ల సాంచె శ్రీకాకుళంలో అర్థం కాకపోవచ్చు. అందుకే ఇక్కడ ఎంచుకున్న మచ్చు, గడి, బెజ్జం, అదును, పదును, తొరక అన్నవి వృత్తుల్లో పుట్టినా విస్తృతంగా తెలిసిన మాటలు. ప్రాంతీయ రూపాలను పక్కపక్కన చూపే పద్ధతిని మాండలిక వృత్తి పదకోశం ఇదివరకే నేర్పింది.

9. ముగింపు

రెండవ విభాగంలో కూర్చిన వాక్యాన్ని ఇప్పుడు ఇలా తిరగరాయవచ్చు:

‘శుద్ధిచేసిన ప్రోటీన్ మచ్చును, తడి పట్టించిన గ్రిడ్ మీద బొట్టుగా వేసి, బెజ్జాలలో తగిన పదును మాత్రమే మిగిలేటట్లు అద్ది తీసి, తొరక కట్టే వ్యవధి వీలైనంత తగ్గించి, ద్రవ ఈథేన్‌లో ముంచి గాజుకట్టించాలి.’

మొదటి వాక్యం చదివిన విద్యార్థి ఏమి వాడాలో తెలుసుకుంటాడు. రెండవది చదివిన విద్యార్థి ఏది చెడవచ్చునో కూడా తెలుసుకుంటాడు. ప్రయోగశాలలో పనికొచ్చేది ఆ రెండవ తెలివిడే.

ఈ పరిశీలన వల్ల మూడు సూచనలు తేలుతున్నాయి. జీవభౌతిక శాస్త్ర పరిభాషను రూపొందించేటప్పుడు ప్రక్రియలను తెలిపే క్రియాపదాలకు వేరే పట్టిక తయారుచేయాలి. ప్రతి కొత్త పదాన్ని, దాని ప్రకారం పనిచేస్తే ఏమవుతుందన్న పరీక్షకు పెట్టాలి. ‘ఘనీభవనం’ వంటి మాటలు ఆ పరీక్షలో నిలవవు. వృత్తి పదకోశాల కృషిని భాషాశాస్త్ర శాఖలతోపాటు విజ్ఞానశాస్త్ర శాఖల అధ్యాపకులూ చేపట్టాలి. బోయినపల్లి వంటి మండలాల నుంచి విశ్వవిద్యాలయాలకు వచ్చే విద్యార్థుల ఇళ్ళలో తడి, పదును, పొర, బిగువు అనే మాటలు రోజూ పనిలో ఉన్నవే. ఆ మాటలకు ప్రయోగశాలలో కూడా చోటు కల్పించినప్పుడు వారి అనుభవం అడ్డంకి గాక పెట్టుబడి అవుతుంది.